మడత పెట్టిన చొక్కా

మూడో రోజు కూడా సత్యరాజు పాలు లేని లీకర్ చాయే తాగాడు.

ఇంట్లో పాలు లేక కాదు. పొద్దున్నే జూలియా తెచ్చిన పాలు కాగి, మీగడ కట్టి, మూత కింద అలాగే ఉన్నాయి. గురువారం నాడు రోజమ్మ అందించిన గ్లాసులోకి ఒకసారి చూసి, "నల్లది ఎట్టు" అని వెనక్కిచ్చేశాడు ఆయన. కూతురు కొన్న పాలు తాగనని అనలేదు. అన్నదల్లా ఆ రెండు ముక్కలే.

రోజమ్మకు మొగుడి అలకలన్నీ కొట్టిన పిండే. ముప్ఫై మూడేళ్ళుగా ఆయన అలిగితే అన్నం మానేస్తాడు, రెండో పూటకి ఆకలి ఈడ్చుకొచ్చి కంచం ముందు కూచోబెడుతుంది. ఈ కొత్తరకం అలకకు మాత్రం ఆమె దగ్గర మందు లేదు. అన్నం తింటున్నాడు, చేపముక్క మారు వేయించుకుంటున్నాడు, సందు చివరికి వెళ్ళి నలుగురితో మాట్లాడి వస్తున్నాడు. కూతురు కొన్న పాలు ముట్టడు, కూతురి పేరు పలకడు. అంతే.

"అమ్మా, పాలు పాడైపోతాయి. తోడెట్టీ" అంది జూలియా, ఆఫీసుకు తల దువ్వుకుంటూ.

"తోడెడితే మీ నాన పెరుగు కూడా మానేస్తాడు" అంది రోజమ్మ.

ఖిదిర్‌పూర్‌లో రెండు గదుల ఇంట్లో మాట్లాడకుండా ఉండడం మాట్లాడడం కంటే కష్టం. నీళ్ళ బకెట్టు దగ్గర ఒకరు తప్పుకుంటే గానీ ఇంకొకరు వెళ్ళలేరు. తప్పుకోమని అడగడానికైనా నోరు తెరవాలి. సత్యరాజు మూడు రోజులుగా ఆ అవసరం రాకుండా, కూతురు లేవకముందే లేచి పనులు కానిచ్చుకుంటున్నాడు.

గురువారం నాటి బెంగాలీ పేపరు ఇంకా మంచం కిందే ఉంది. సెలూన్లో సగం గడ్డం గీయించుకుని, సగం నురగతో కూచుని ఉండగా పక్క కుర్చీ మనిషి పైకి చదివాడు దాన్ని. సత్యరాజు ఆ నురగతోనే లేచి ఇంటికి వచ్చేశాడు. మిగతా సగం ఇంట్లో తనే గీసుకుని, చెంప మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు.

పేపర్లో ఉన్నది నాలుగిళ్ళ అవతలి కాసులమ్మ ఫొటో. దాని పక్కన ఆమె ఒక్కగానొక్క కొడుకు సునీల్‌కుమార్ కథ. ఓడల డాక్ దగ్గర నూనె గోదాము గోతిలో విషపు గాలి పీల్చి చనిపోయాడు వాడు. రేపటికి నలభై రోజులు. గోతులూ తూములూ శుభ్రం చేయించే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. పేటలో దాన్ని పైపుల కంపెనీ అంటారు. తోటి పనివాడు కళ్ళు తిరిగి గోతిలో పడిపోతే, ఎవరు వద్దన్నా వినకుండా, వాణ్ణి కాపాడడానికి సునీల్ తనంతట తానే దూకాడని పేపర్లో ఉంది. అంత మంచి కొడుకును కన్నందుకు గర్వంగా ఉందని, కంపెనీ మీద తనకు ఏ కోపమూ లేదని తల్లి అన్నట్టు కూడా ఉంది.

రాసినవాళ్ళ పేరు అందులో లేదు. పేరు లేకపోతేనేం, కాసులమ్మే పది రోజుల కిందట సందంతా చెప్పుకుంది, మన జూలియా వచ్చి అన్నీ రాసుకుని వెళ్ళిందని.

సత్యరాజు గ్లాసు కింద పెట్టి భార్య వైపు తిరిగాడు. కూతురు రెండడుగుల దూరంలోనే ఉంది.

"రోజీ, దాన్నడుగు. కాసులప్ప ఇంట్లో సునీలుగాడి సొక్కా సూసిందా నేదా?"

రోజమ్మ చేపలు తోముతున్న చెయ్యి ఆపింది. "సూసినావేటే?"

"సూసినాను."

"ఎలగుందంట?" అన్నాడు సత్యరాజు, మళ్ళీ భార్యతోనే.

ఈసారి తల్లి మధ్యవర్తిత్వం కోసం జూలియా ఆగలేదు. "మడతెట్టి ఉంది నాన్నా. నాలుగు మడతలు. లోపల వాచీ, ఫోనూ ఉన్నాయి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు కార్పొరేషన్ డ్రైనేజీలో దిగిన మనిషి సత్యరాజు. సునీల్ మొదట ఈ పనిలో చేరినప్పుడు ఏది ఎలా పట్టుకోవాలో, ఎక్కడ కాలు వెయ్యాలో నేర్పింది ఆయనే.

"ఆ మడత నాను నేర్పినాను రోజీ. దిగీముందు సొక్కా ఇప్పి, వాచీ అందులో సుట్టి, పైన తాడు పట్టుకునీవోడి సేతికియ్యాల. ఆ పైనున్నోడు పేరెట్టి పిలస్తుండాల. లోపలోడు పలకాల. పలక్కపోతే లాగీయాల. ఎవుడో పడిపోతే దూకినోడికి సొక్కా మడత ఎట్టీ తీరిక ఉంటాదేటి? ఆణ్ని దిగమన్నారు. ఆడు దిగినాడు. పైన పిలిసీవోడే నేడు."

అంత పొడుగు మాట మూడు రోజుల్లో ఆయన ఇంట్లో ఆడలేదు. ఆడినవాడు లేచి, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రోజమ్మ చేపల గిన్నెలో నీళ్ళు మార్చింది. "సోమారం లేబర్ ఆపీసులో ఇచారణంట గదే" అంది మెల్లిగా. "పేపర్లో పడిందే అక్కడా సూపిస్తారా?"

సునీల్‌ను కంపెనీ దింపిందా, వాడే దూకాడా అన్నదే ఆ విచారణ. దింపితే కంపెనీది తప్పు. దూకితే ఎవరి తప్పూ లేదు. గోతిలోంచి బతికి బయటపడ్డ తోటి పనివాణ్ణి కంపెనీ ఎప్పుడో బీహారు పంపించేసింది. ఇక మిగిలింది కాసులమ్మ మాటే. ఆ మాట కాగితం మీద, ఆమె వేలిముద్రతో, కంపెనీ వకీలు చేతిలో ఉంది.

జూలియా చెప్పులు వేసుకుంది.

ఆ వేలిముద్ర గురించి ఆమెకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. పన్నెండో ఏటి నుంచి ఆ సందులో అర్జీలన్నీ రాసేది తనే. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, పింఛను ఆగినా, పిల్లల్ని బళ్ళో వెయ్యాలన్నా జూలియాను పిలిచేవాళ్ళు. ఆమె రాసింది చదివి వినిపించమని ఎవరూ అడగరు. వేలు ముందుకు చాపుతారు. కాసులమ్మ కూడా అలాగే చాపింది. కొంగుతో ఒకసారి తుడుచుకుని, ఎక్కడ పెట్టాలమ్మా అని మాత్రం అడిగింది.

ఏం రాశావని అడిగితే చెప్పేదే. అడగలేదు గనక చెప్పలేదు.

*

భవానీపూర్‌లో ఒక పాత మందుల షాపు మీద రెండు గదులు జూలియా ఆఫీసు. కంపెనీల గురించి జనం మంచిగా అనుకునేలా చూడడం వాళ్ళ పని. పీఆర్ అంటారు. రోజమ్మ చర్చిలో ఆడవాళ్ళకి చెప్పేటప్పుడు, పేపర్లో మంచి మాటలు రాయించే ఆపీసు అంటుంది. అది తప్పు కూడా కాదు.

అందులో పనిచేసేది ఆరుగురు. యజమాని లలిత్, వాళ్ళందరికీ లలిత్ దా, అంటే అన్న, ఒకప్పుడు పెద్ద సంస్థలో ఉండి, పొగాకు కంపెనీకి ప్రచారం రాయమంటే రాయలేక బయటికొచ్చిన మనిషి. అందుకే తన ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాడు. కొత్త కంపెనీ ఎవరైనా పని ఇస్తామని వస్తే, దాని పేరు బోర్డు మీద రాస్తాడు. ఆరుగురిలో ఏ ఒక్కరు చెయ్యి ఎత్తినా ఆ పని తీసుకోరు. ఎందుకెత్తావని అడగరు. నాలుగేళ్ళలో ఐదుసార్లు చేతులు లేచాయి. ఒకసారి ఆదిత్య అనే కుర్రాడు బెట్టింగ్ యాప్‌కి ఎత్తాడు. ఆ పని వస్తే కొత్త ఆఫీసులోకి మారిపోదామని అనుకుంటున్న రోజులవి. అయినా లలిత్ బోర్డు తుడిచేశాడు. ఆ సాయంత్రం అందరికీ సింగారాలు, అదే సమోసాలు, తెప్పించాడు కూడా.

మూడు వారాల కిందట ఆ బోర్డు మీద పైపుల కంపెనీ పేరు రాశాడు. జూలియా చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

ఇవాళ శనివారం. మిగతావాళ్ళు తొందరగా వెళ్ళిపోయారు. ఆమె చెప్పదలచుకున్నది చెప్పేలోపే లలిత్ కింద నుంచి రెండు మట్టి ముంతల్లో టీ తెప్పించాడు. ఆ మనిషికి ఎదుటివాళ్ళ ముఖం చదవడం బాగా వచ్చు.

కాసులమ్మ వేలిముద్ర కాగితం వెనక్కి తీసుకోవాలని జూలియా ఒక్క గుక్కలో చెప్పేసింది. అందులో రాసింది నిజం కాదని, ఆమెకు చదివి వినిపించలేదని, చొక్కా మడత సంగతేమిటో, అన్నీ చెప్పింది. లలిత్ మధ్యలో అడ్డు రాలేదు. తర్వాత తను దాచుకున్నది కూడా బయటపెట్టాడు. నిన్న కంపెనీ వకీలు ఫోన్ చేశాడట. మీ అమ్మాయి మా పని సగం తేలిక చేసిందని తెగ మెచ్చుకున్నాడట.

"ఆయన మెచ్చుకుంటూ ఉంటే నాకు భయం వేసింది" అన్నాడు లలిత్.

భయం వేసింది గానీ ఫోన్ పెట్టేశాక ఏమీ చెయ్యలేదని ఒప్పుకున్నాడు. కాసేపాగి, తన అలవాటైన వాదన ఎత్తుకున్నాడు. జబ్బుతో వచ్చినవాణ్ణి నువ్వు మంచివాడివా అని డాక్టరు అడగడు, నేరం మోపిన మనిషిని వకీలు కాదనడు, అలాగే ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడానికి ఒక నోరు కావాలి, ఆ నోరు మనం. ఈ మాటలు ఆఫీసులో చేరిన కొత్తలో జూలియాకు చాలా నచ్చేవి.

"వకీలుకి ఎదురుగా ఇంకో వకీలుంటాడు లలిత్ దా" అంది ఆమె. "కాసులమ్మత్తకి ఎవరున్నారు? ఆమె తరఫున రాసిందీ నేనే, కంపెనీ తరఫున రాసిందీ నేనే."

లలిత్ ముంత పక్కన పెట్టాడు.

"అయితే ఆ రోజు చెయ్యెందుకు ఎత్తలేదు జూలియా? ఎత్తితే నేను తుడిచేసేవాణ్ణి. నీకు తెలుసు."

తెలుసు.

ఉద్యోగానికి వచ్చిన రోజున నాన్నగారేం చేస్తారని అడిగితే, ఖిదిర్‌పూర్‌లో ఉంటాం అంది జూలియా. అయితే పోర్టు ఆఫీసులోనా అన్నారు ఎవరో. ఆమె నవ్వి ఊరుకుంది. అబద్ధం ఆడలేదు. వాళ్ళు అనుకున్నదాన్ని సరిదిద్దలేదు, అంతే. నాలుగేళ్ళుగా ఆ పోర్టు ఆఫీసు అలాగే నిలబడి ఉంది. పైపుల కంపెనీ పేరు బోర్డు మీద పడిన రోజున, చెయ్యెత్తితే ఎవరూ కారణం అడగరని తెలిసినా, ఐదు తలలు తన వైపు తిరుగుతాయని ఆమెకు భయం పట్టుకుంది. గోతులు కడిగించే కంపెనీ అంటే ఈ పిల్లకెందుకు కష్టమైందని వాళ్ళు మనసులోనైనా అనుకుంటారు. ఆ ఒక్క ఆలోచనకే చెయ్యి లేవలేదు.

తర్వాత తనకు తను సర్దిచెప్పుకుంది. ఎవరో రాసేకంటే తను రాస్తే సునీల్ పేరైనా గౌరవంగా ఉంటుందనుకుంది. కాసులమ్మ ఏడుస్తూ, ఎవరికి ఆపదొచ్చినా నా కొడుకే ముందు దూకుతాడమ్మా అని చెప్పిన మాటను పట్టుకుని వాణ్ణి వీరుణ్ణి చేసింది. రాస్తుంటే తనకే కళ్ళు చెమర్చాయి. ఆ వీరుడి వెనక కంపెనీ దాక్కుంటుందని అప్పుడు తట్టలేదని చెప్పుకుంటే కొంత నిజం, కొంత కాదు.

ఆమె నోరు విప్పకపోవడం చూసి లలిత్ ఇంకోసారి అడగలేదు. మెల్లిగా తన పద్ధతిలో రెండో సగం చెప్పాడు. ముందు ఎత్తిన చేతికి కారణం అక్కర్లేదు. పని అయ్యాక ఎత్తిన చేతికి కారణం కావాలి. అది రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం కంపెనీకీ వెళ్తుంది, లేబర్ ఆఫీసుకీ వెళ్తుంది. ఆ తర్వాత ఈ ఆఫీసు గడప ఎవరైనా తొక్కుతారో లేదో తను చెప్పలేడు. ఆరుగురి అన్నం ఇది.

"నువ్వు రాసిస్తే నేను ఆపను" అన్నాడు చివరికి. "రాయమని కూడా అనలేను. అంత మంచివాణ్ణి కాను. కానీ రాస్తే మొత్తం రాయి. చెయ్యి ఎందుకెత్తలేదో కూడా. అది లేకపోతే, వకీలు అడిగే మొదటి ప్రశ్నకే నీ కాగితం చిరిగిపోతుంది."

*

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కాసులమ్మ చెప్పులున్నాయి.

పేపరు వచ్చిన రోజు నుంచి కాసులమ్మ ఈ ఇంటివైపు రాలేదు. ఇప్పుడు మంచం మీద కూచుని ఉంది, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు. సత్యరాజు కిటికీ దగ్గర, రోజమ్మ పొయ్యి దగ్గర.

"రా అమ్మా" అంది కాసులమ్మ. "ఆ పేపరు తియ్యి. సదువు. తెలుగులో సెప్పు. అందరూ తలో ముక్కా సెప్తన్నారు. నాకు నీ నోటమ్మట ఇనాలనుంది."

జూలియా మంచం కింద నుంచి పేపరు తీసింది. బెంగాలీలో ఉన్నది వాక్యం వాక్యంగా తెలుగు చేసి చదివింది. తనంతట తానే దూకాడన్న చోట ఆగిపోయింది. కాసులమ్మ ఆ వాక్యం మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.

"బాగా రాసినావు" అంది కాసులమ్మ. వెటకారం లేదు ఆ మాటలో. "నాకు కూడా ఒక్క నిమిసం నిజమే అనిపించినాది. నా కొడుకు అలగే పోతే బాగుణ్ననిపించినాది."

కవరు విప్పింది. నీలం గళ్ళ చొక్కా, నాలుగు మడతలు. నలభై రోజుల్లో ఆమె దాన్ని ఒక్కసారి కూడా విప్పినట్టు లేదు.

"ఇది నువ్వు ఆ రోజు ఫోటో తీసినావు గదా. పేపర్లో ఎయ్యనేదేటి?"

చూసేవాళ్ళకి బాధ కలుగుతుందని తీసేశాను అని చెప్పబోయింది జూలియా. ఆఫీసులో అలాగే చెప్పింది. కానీ తండ్రి కిటికీ దగ్గర నుంచి చూస్తున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా తన ముఖంలోకి చూస్తున్నాడు.

"అది ఏస్తే కత నిలబడదు అత్తా" అంది. "నాకు అప్పుడే తెలిసినాది. తెలిసి కూడా తెలవనట్టున్నాను."

రోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసులమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే జూలియాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఎంత నమ్మకంగా ఆమె వేలు తుడుచుకుందో గుర్తొచ్చి జూలియా సిగ్గుతో తల దించుకుంది.

"ఆ పని ఒద్దనడానికి నీకు ఈలుండిందేటి?" అని అడిగాడు సత్యరాజు. భార్యతో కాదు, కూతురితోనే.

"ఉండింది నాన్నా. సెయ్యెత్తితే సాలు. అంతా ఆగిపోయీది."

ఎందుకెత్తలేదని ఆయన అడుగుతాడేమోనని ఆమె పేపరు మీద నుంచి చూపు ఎత్తలేదు. ఆయన అడగలేదు. ఉద్యోగం పోతుందని భయపడి ఉంటుందిలే అనుకున్నాడు కాబోలు. ఆయనకు తోచిన కారణం అదే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ భయంతోనే ఆయన కూడా దిగాడు.

కాసులమ్మ చొక్కా మళ్ళీ కవర్లో పెట్టింది. రేపు ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చిలో సునీల్ ఆదరణ కూడిక, నలభయ్యో రోజు ప్రార్థన, ఉంది. మంచికైనా చెడుకైనా ఆ ఇంటివాళ్ళు లేచి అందరి ముందు తమ మాట చెప్పుకోవడం, సాక్ష్యం అంటారు దాన్ని, అక్కడి ఆచారం. కాసులమ్మకు నలుగురిలో నోరు పెగలదు. అందుకని మొగుడు పోయినప్పుడు, కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె చెప్తే జూలియా రాసి, ఆమె పక్కన నిలబడి చదివేది.

"రేపు కూడా నువ్వే సదవాల" అంది కాసులమ్మ.

"నానెలాగ సదువుతాను అత్తా? ఏ మొకం ఎట్టుకుని?"

"నా సాచ్చెం కాదు. నీది." ఆమె లేచి నిలబడింది. "సోమారం ఆ ఆపీసులో నా యేలుముద్ర ఒకటుంటాది. దాని పక్కన నీ సంతకం ఉన్న కాయితం ఇంకోటుండాల. ఏటి సేసినావో, ఏల సేసినావో అందులో రాయి. ముందుగాల దాన్ని సర్చిలో సదువు. నాను పక్కన నిలబడతాను. ఇన్నాళ్ళూ నా పక్కన నువ్వు నిలబడినావు గదా."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. గుమ్మం దిగుతుండగా సత్యరాజు వెనకే వెళ్ళి, కాసులప్పా చూసుకుని నడువు, మెట్టు విరిగింది అని చెప్పడం వినిపించింది.

దీపాలు పెట్టే వేళయింది. జూలియా లోపలి గదిలో మంచం మీద కూచుని, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచింది. తెలుగు అక్షరాలు ఆమెకు అంతంత మాత్రం. చర్చిలో చదవాల్సినవన్నీ మొదట్నుంచీ తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటుంది. ఇదీ అలాగే మొదలుపెట్టింది. ఆఫీసులో ఇచ్చేది తర్వాత బెంగాలీలోకి దించుకోవచ్చు.

మొదటి వాక్యం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది కూడా రాసింది గానీ, రాశాక దాన్ని చూస్తూ ఉండిపోయింది.

కంపెనీ గురించి రాయడం కష్టం కాదు. ఫొటో గురించి రాయగలదు. వేలిముద్ర గురించి కూడా రాయగలదు. లలిత్ రాయమన్నదీ, కాసులమ్మ ఏల సేసినావో అన్నదీ ఒక్కటే. ఆ ఒక్కటి రాయాలంటే నాన్న పని రాయాలి. ఆ పని చెప్పుకోవడానికి తను సిగ్గుపడ్డానని రాయాలి. మూడో వాక్యం అదే. రేపు చర్చిలో మొదటి బెంచీ మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు తప్పు ఒప్పుకుంటోందని తలెత్తుకుని కూచుంటాడు నాన్న. ఆయన ముందర చదవాలి దాన్ని.

"జూలియా."

మూడు రోజుల తర్వాత ఆ పేరు. ఎక్కడో పైనుంచి పిలిచినట్టు వినబడింది ఆమెకు.

"ఉన్నాను నాన్నా."

సత్యరాజు రెండు గ్లాసులతో లోపలికి వచ్చాడు. పొద్దుటి పాలతో కాచిన చాయ్, పైన మీగడ తేలుతోంది. ఒకటి ఆమె చేతికిచ్చి, రెండోది తను పట్టుకుని మంచం అంచున కూచున్నాడు. ఒక గుక్క తాగాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. అవతలి గదిలో రోజమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"నిజం సెప్పినావు. అది సాలు నాకు" అన్నాడు. "ఉజ్జోగం పోతే పోనీ. ఏటైనా సూసుకుందుం."

జూలియాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ మంచితనం ఇప్పుడే రావాలా అనిపించింది. ఇంకో గంట కోపంగా ఉంటే బాగుండేది.

"రాసినావేటి?"

"కొంచెం."

"సదువు. ఇంటాను."

ఆయన కాగితం వైపు వంగి చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. అందులో ఏముందో ఆమె ఏం చదివితే అదే ఆయనకు. మూడో వాక్యం చదవకుండా అక్కడితో ఆపేసినా, ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. పది రోజుల కిందట ఒక వేలు తన ముందుకు ఎలా వచ్చిందో, ఇప్పుడు ఈ ముఖం అలాగే వచ్చి నిలబడింది.

"నా పేరు జూలియా" అని చదివింది.

ఆయన తలూపాడు.

"మా నాన్న సత్యరాజు కార్పొరేషన్ డ్రైనేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశారు."

తన పేరు కాగితం మీద ఉంటుందని ఆయన అనుకోలేదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి మోకాలి మీదకు దిగింది. చెంప మీది గాట్ల పక్కన చిన్న నవ్వు మొదలైంది.

జూలియా మూడో వాక్యం మీద వేలు పెట్టింది.